మా ఇంటి లెక్క చూపించమని అడిగితే: మూడేళ్ళ నా అనుభవం

2023 ఫిబ్రవరి 17, శుక్రవారం. నేను స్కూల్ నుంచి వచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది, ఒళ్ళో ఖాకీ కవరు. కవరు మీద బాపు (నాన్న) పేరు. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్ళు. "బాపుకు ఉత్తరం వచ్చింది బిడ్డా" అంది. విప్పి చూస్తే నోటీసు. మా ఇంటి మీద 1,86,400 రూపాయల బాకీ ఉందట. 30 రోజుల్లో కట్టకపోతే కేటాయింపు రద్దు చేయడానికి చర్యలు తీసుకుంటారట.

ఇల్లు 1986లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఒకటి మాకు కేటాయించింది. ఏ సంస్థ, ఏ కాలనీ అన్నది రాయను. నేనింకా ఆ ఊళ్ళోనే ఉంటాను, ఆ ఆఫీసు మెట్లు ఇంకా ఎక్కాల్సి ఉంది. హైర్ పర్చేజ్ పద్ధతి, అంటే కిస్తీలన్నీ తీరాకే ఇల్లు మన పేరున రాసిస్తారు. పదిహేనేళ్ళు, 180 కిస్తీలు. 2001లో ఆఖరి కిస్తీ కట్టిన రోజు బాపు అరకిలో జిలేబీ తెచ్చాడు. ఆ తర్వాత సేల్ డీడ్ (ఇల్లు మా పేరున రాసిచ్చే దస్తావేజు) కోసం ఆయన తిరిగిన తిరుగుడికి లెక్క లేదు. ఎప్పుడు వెళ్ళినా ఒకటే మాట: "ఫైనల్ కాస్ట్ ఇంకా తేలలేదు." ఫైనల్ కాస్ట్ అంటే కాలనీకి చివరికి అయిన మొత్తం ఖర్చు. అది ఆయన పోయాక తేలినట్టుంది.

నోటీసులో రెండు ముక్కలున్నాయి. కట్టని కిస్తీలు, వాటి మీద అపరాధ వడ్డీ కలిపి 74,250. ఫైనల్ కాస్ట్‌లో మా వాటా తేడా 1,12,150. ఏ కిస్తీలు కట్టలేదో లేదు. తేడా ఎలా వచ్చిందో లేదు. చివర సంతకం ఉంది, సంతకం కింద పేరు లేదు.

బాపు చలానాలన్నీ పెద్ద బిస్కెట్ డబ్బాలో దాచాడు. ఆ రాత్రి నేనూ అమ్మా నేల మీద పరిచి లెక్కపెట్టాం. 180 ఉన్నాయి. రెండోసారి లెక్కపెట్టినా 180. అమ్మకు ధైర్యం వచ్చింది, నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే మొదటి తప్పు చేశాను.

మార్చి 13న సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను, నాకు తెలిసినట్టుగా. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ కోసం రెండు పోస్టాఫీసులు తిరగాల్సి వచ్చింది, అది వేరే సంగతి. దరఖాస్తులో తొమ్మిది ప్రశ్నలు రాశాను. మేము అన్ని కిస్తీలు కట్టినా బాకీ ఎందుకు చూపిస్తున్నారు? 22 ఏళ్ళు ఎందుకు ఊరుకున్నారు? దీనికి బాధ్యులెవరు, వాళ్ళ మీద ఏం చర్య తీసుకుంటారు? రాసి, చదువుకుని, మురిసిపోయి మరీ పంపాను. రసీదు కార్డు ఆఫీసు ముద్రతో 18న తిరిగొచ్చింది. దాన్ని పారేయకండి. తర్వాత ప్రతి తేదీ దాని మీదే లెక్కేస్తారు.

జవాబివ్వాల్సిన 30 రోజులు దాటాయి. ఏప్రిల్ చివర్లో హైదరాబాద్ హెడ్డాఫీసుకు వెళ్ళాను. రానూపోనూ ఛార్జీలు, టిఫిను కలిపి ఐదొందలు దాటింది, స్కూల్లో ఒక రోజు జీతం కట్. వచ్చిన కాగితాలు తీసుకునే ఇన్‌వార్డ్ సెక్షన్‌లో కూర్చున్నతను కార్డు మీద ముద్ర చూసి "ఇది మా ముద్రనే, కానీ కాయితం ఎటు పోయిందో చెప్పలేం మేడం" అన్నాడు. గోడ మీద సమాచార అధికారి పేరున్న బోర్డు ఉంది. ఆయన బదిలీ అయి ఏడాది దాటిందని అటెండర్ చెప్పింది. నేను ఎవరి పేరు రాసి పంపానో ఆయనే.

మే 4న జవాబు వచ్చింది. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో, మూడే లైన్లు. మీరు అడిగినవి ప్రశ్నల రూపంలో ఉన్నాయి, అవి చట్టం చెప్పే 'సమాచారం' కిందకు రావు, సంబంధిత ఫైలు పాతది కనుక దొరకడం లేదు. ఇదీ సారాంశం.

ఆ కాగితం పట్టుకుని మా వీధి చివరి ఇంట్లో ఉండే సారు దగ్గరికి వెళ్ళాను. తహసీల్ ఆఫీసులో సూపరింటెండెంట్‌గా రిటైరయ్యారు. నా తొమ్మిది ప్రశ్నలు చదివి నవ్వారు. "అమ్మా, నువ్వు వాళ్ళను సంజాయిషీ అడిగినవ్. వాళ్ళ దగ్గర సంజాయిషీ ఉండదు, కాయితం ఉంటది. కాయితం అడుగు" అన్నారు. 'ఎందుకు' అని అడిగితే జవాబివ్వాల్సిన పని లేదట, ఆఫీసు రికార్డులో ఉన్నదే ఇస్తారట. ప్రశ్నల విషయంలో తప్పు నాదే. కానీ 'ఫైలు దొరకడం లేదు' అన్నది ఇంకో సంగతి. ఏ సమాచారం ఇవ్వనక్కర్లేదో చట్టంలో 8, 9 సెక్షన్లు చెబుతాయి. ఆ రెండూ పక్కన కూర్చోబెట్టి చదివించారు. దొరకని ఫైలు అన్న మాట వాటిలో ఎక్కడా లేదు.

ఆయన చెప్పినట్టే మే 22న అదే సంస్థలో పై అధికారికి మొదటి అప్పీలు వేశాను. దీనికి ఫీజు లేదు. 30 రోజుల్లో, మరీ కాకపోతే 45 రోజుల్లో తేల్చాలి. జులై 6కు 45 రోజులు నిండాయి. పిలుపు లేదు, ఉత్తరం లేదు. ఆగస్టు 9న రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు పంపాను. దానికి 90 రోజుల గడువు ఉంటుంది. అప్పటికి కమిషన్‌లో కమిషనర్లే లేరన్న సంగతి నాకు తెలియదు. ఫిబ్రవరిలో పాతవాళ్ళ పదవీకాలం ముగిసింది, ఆ కుర్చీలు 2025 మే దాకా ఖాళీగానే ఉన్నాయి. సారుకు తెలుసు. "అయినా పంపు, వరుసల నీ నంబరు పడి ఉంటది" అన్నారు.

ఆ నాలుగైదు నెలలు ఎలా గడిచాయో రాయడం కష్టం. రద్దు చేస్తారేమోనని అమ్మ ఇంటికి సున్నం కూడా వేయించనివ్వలేదు. "మనది కాని ఇంటికి సున్నమెందుకు" అనేది. గేటు చప్పుడైతే చాలు, పోస్టుమాన్ అనుకునేది. నేను మాత్రం నోటీసుకు 'లెక్క చూపిస్తే కడతాం' అని ఒక ఉత్తరం రాసి, దాని నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకుని దాచాను. నిజానికి ఆ ముద్రే మమ్మల్ని కాపాడింది. మా నుంచి జవాబే రాలేదని తర్వాత ఎవరూ అనలేకపోయారు.

2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఛార్జీ లేదన్నారు. నవ్వకండి, నా కేసు మళ్ళీ కదిలింది ఆ జీరో టికెట్ వల్లే. ఇక పోస్టు మీద ఆధారపడకుండా స్వయంగా వెళ్ళొచ్చనిపించింది. ఎక్స్‌ప్రెస్ బస్సే ఎక్కాలి, ఆధార్ చూపించాలి, సిద్దిపేట దాకా నిలబడే ప్రయాణం. అయినా సరే అనుకున్నాను.

2024 జనవరి 8న కొత్త దరఖాస్తు చేతికే ఇచ్చాను. ఈసారి ఒక్క ప్రశ్నార్థకం లేదు. మా ఇంటి ఖాతా లెడ్జర్ పేజీలు, మా పేరు మీద ఉన్న ఫైలు, నోట్ షీట్లతో (ఫైల్లో అధికారులు రాసుకున్న పేజీలు) సహా, కాలనీ ఫైనల్ కాస్ట్ లెక్కగట్టిన పత్రం. ఈ మూడూ ముందు కళ్ళతో చూస్తాను, తర్వాత నాకు కావలసిన పేజీల ధ్రువీకృత నకళ్ళు తీసుకుంటాను అని రాశాను. రికార్డును వెళ్ళి చూసే హక్కు మనకు ఉంది. ఎవరూ చెప్పరు, అడిగితే కాదనరు. ఫిబ్రవరి 5న, అంటే 28వ రోజున జవాబు: 20వ తేదీ ఉదయం 11 గంటలకు రండి. ఏడాదిగా దొరకని ఫైలు ఎక్కణ్ణుంచి ఊడిపడిందో నేను అడగలేదు. 'ఎందుకు' అని అడగడం అప్పటికే మానేశాను.

ఫిబ్రవరి 20. నాకు చూపించిన చోటు రికార్డు గది పక్కన ఒక బల్ల. ఫ్యాను తిరిగితే కాగితాలు లేచిపోతాయని ఆపేశారు. ఫోను బ్యాగులో పెట్టేయమన్నారు, ఫొటోలు వద్దన్నారు, రాసుకోవచ్చన్నారు. పొడుగు నోట్‌బుక్కు, పెన్నూ తీసుకెళ్ళాను కాబట్టి సరిపోయింది. మొదటి గంట ఉచితం, తర్వాత పావుగంటకు 5 రూపాయలు. అటెండరక్క ఎర్ర గుడ్డలో కట్టిన మూట తెచ్చి బల్ల మీద వేస్తే లేచిన దుమ్ముకు నేను పది నిమిషాలు తుమ్మాను.

లెడ్జర్ అంటే ఇంత ఉంటుందనుకోలేదు. నా రెండు చేతుల వెడల్పు, అంచులు చెదలు కొరికాయి. మా ఇంటి నంబరు ఎల్-68. ఆ పేజీలో బాపు పేరు గుండ్రటి అక్షరాల్లో ఉంది. నా వేలు ఆ పేరు మీదే కాసేపు ఆగిపోయింది. నెలకో వరస, చలానా నంబరు, తేదీ, మొత్తం, చివర పొడి సంతకం. 1993 మే దాకా బావుంది. జూన్ ఖాళీ. జులై ఖాళీ. 1994 ఏప్రిల్ దాకా పదకొండు ఖాళీ గళ్ళు. మే నుంచి మళ్ళీ మామూలే.

పదకొండు కిస్తీలు. నా దగ్గర 180 చలానాలున్నాయి కదా! సెక్షన్‌లో ఉన్న కుర్రాడికి ఆ మాటే చెప్పాను. కొత్తగా ఉద్యోగంలో చేరినట్టున్నాడు. చుట్టూ చూసి, "మేడం, వేరేవాళ్ళ పేజీ మీకు చూపియ్యొద్దు, నేను చూస్త" అని లెడ్జర్ తనవైపు తిప్పుకుని పేజీలు తిరగేశాడు. కొంచెంసేపటికి ఆగాడు. "దొరికింది" అన్నాడు. ఎల్-86 పేజీలో అవే పదకొండు నెలలకు రెండేసి జమలు. ఆ రెండో జమల పక్కన, ప్రతి వరసలోనూ, ఎవరో పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం పెట్టారు. పదకొండు ప్రశ్నార్థకాలు. ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉన్నాయి. తప్పు పడిందని ఎవరో అప్పుడే కనిపెట్టారు. కనిపెట్టి, పెన్సిల్ చెవిలో పెట్టుకుని, టీకి వెళ్ళిపోయి ఉంటారు.

నకళ్ళ దగ్గర చిన్న తంటా వచ్చింది. 23 పేజీలకు పేజీ 2 రూపాయల చొప్పున 46, చూసినందుకు 40. ఈ 86 రూపాయలు తీసుకోవడానికి క్యాషియర్ భోజనం నుంచి రావాలి, రసీదు పుస్తకం ఇంకో బీరువాలో ఉంది, చిల్లర ఎవరి దగ్గరా లేదు. మూడున్నర అయింది. చిల్లర తీసుకెళ్ళండి. ప్రతి పేజీ మీదా 'నిజ ప్రతి' ముద్ర, సంతకం ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. నాకిచ్చిన వాటిలో నాలుగింటికి లేదు, మళ్ళీ వేయించుకున్నాను. ఫైనల్ కాస్ట్ పత్రం మాత్రం చూపించలేదు. అది లీగల్ సెక్షన్‌లో ఉందన్నారు.

ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. అమ్మ పడుకుంది. బిస్కెట్ డబ్బా దించి 1993 జూన్ చలానా తీశాను. పేరు బాపుదే. ఇంటి నంబరు ఎల్-86 అని ఉంది. జులై, ఎల్-86. పదకొండూ అంతే. మిగతావన్నీ బాపు దస్తూరీ, ఈ పదకొండూ కాదు. ఆ ఏడాది ఆయనకు ఆదిలాబాద్ వైపు బదిలీ. ఇంట్లో మేమిద్దరం పిల్లలం, అమ్మ. బ్యాంకుకు వెళ్ళి కిస్తీ కట్టింది అమ్మ. చలానాలు నింపింది అమ్మ. ఏడో తరగతి చదివిన అమ్మ, నాకు బాగా తెలిసిన ఆ తలకట్లు.

మేము డబ్బాలో కాగితాలు లెక్కపెట్టాం, చదవలేదు. ఏడాదిగా ఆఫీసును తిట్టిన తిట్లు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

అమ్మకు చెప్పాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించి చెప్పాను. అద్దాలు పెట్టుకుని పదకొండింటినీ వరసగా చూసింది. "అంటే ముప్పై ఏండ్ల సంది ఈ ఇంటి మీద బాకీ పెట్టింది నేనేనా?" అంది. లేదమ్మా, పేరు సరిగ్గానే రాశావు, వాళ్ళకు అప్పుడే అనుమానం వచ్చింది, ఒక్క ఉత్తరం ముక్క రాస్తే అయిపోయేది అన్నాను. అది నిజమే, ఓదార్చడానికి అన్నది కాదు. 1994లో ఆ పెన్సిల్ పట్టుకున్న మనిషి పదిహేను పైసల కార్డు రాసి ఉంటే అపరాధ వడ్డీ అన్న మాటే ఉండేది కాదు. కానీ అమ్మ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

మార్చిలో లెడ్జర్ నకళ్ళు, చలానాల జిరాక్సులు జతచేసి అర్జీ ఇచ్చాం. సరిదిద్దడానికి ఐదు నెలలు పట్టింది. ఎల్-86 ఇంట్లో ఇప్పుడు ఉన్నవాళ్ళు తర్వాత కొనుక్కున్నవాళ్ళు. ఆ అదనపు సొమ్ము మాది కాదు అని వాళ్ళు కాగితం రాసివ్వాలన్నారు, పాపం వెంటనే రాసిచ్చారు. 2024 ఆగస్టులో ఉత్తర్వు వచ్చింది: 74,250 రద్దు. వడ్డీ సహా అంతా.

మిగిలిన 1,12,150 కట్టకుండా సేల్ డీడ్ చేసేది లేదన్నారు. అమ్మకు అప్పటికి 74 ఏళ్ళు. పోరాడదామని నాకున్నా ఆమెకు ఓపిక లేదు. సెప్టెంబరులో నా బంగారం బ్యాంకులో పెట్టి కట్టాం. కడుతూ 'లెక్క చూపించనందుకు అభ్యంతరం తెలుపుతూ కడుతున్నాం' అని ఉత్తరం ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. సారు సలహానే. వారసుల ధ్రువపత్రం, నేనూ తమ్ముడూ ఇచ్చిన అఫిడవిట్లు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు, అదంతా అందరికీ తెలిసిన తిప్పలే. అక్టోబరులో రిజిస్ట్రేషన్ అయింది. కాగితం అమ్మ చేతిలో పెడితే తీసుకెళ్ళి బాపు ఫొటో ముందు పెట్టింది, మూడు రోజులు తీయలేదు. మర్నాడే సున్నం వేసేవాళ్ళను పిలిచింది.

ఇక అయిపోయిందనుకున్నాను. 2025 అక్టోబరులో కమిషన్ నుంచి నోటీసు. 2023 ఆగస్టులో పంపిన రెండో అప్పీలుకు నవంబరు 18న విచారణ! ఇల్లు మనదైంది కదా, వెళ్ళడం దేనికి అన్నాడు తమ్ముడు. ఆ లక్షా పన్నెండు వేలు దేనికి కట్టామో నాకింకా తెలియదు. అందుకే వెళ్ళాను. జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగి, మెట్రోలో ఎంజీబీఎస్ వెళ్ళి, అక్కడ లైను మారి గాంధీభవన్ దగ్గర దిగితే కమిషన్ ఆఫీసు ఉన్న మొజంజాహీ మార్కెట్ నడిచే దూరం.

కోర్టులా ఉంటుందని భయపడ్డాను. ఒక గది, ఎదురెదురు కుర్చీలు, పది నిమిషాలు. సంస్థ తరఫున వచ్చినామె ముప్పై ఏళ్ళ అమ్మాయి, ఆ సీటులోకి వచ్చి మూడు నెలలైందట. నా మొదటి దరఖాస్తు నాటి అధికారి తర్వాత ఇద్దరు మారారు. ఆలస్యానికి రోజుకు 250 చొప్పున 25 వేల దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది. వేయాలని కోరుతున్నారా అని నన్నడిగారు. రెండున్నరేళ్ళు నేను కలలు కన్న ప్రశ్న అది. ఆ అమ్మాయి ఫైలు గుండెలకు హత్తుకుని నిలబడి ఉంది. నాకు కాగితం చాలు అన్నాను. సరిగ్గా చేశానో లేదో ఇప్పటికీ తెలియదు. సారు మాత్రం "అడగాల్సింది" అన్నారు.

15 రోజుల్లో ఇవ్వమన్నారు. డిసెంబరు 3న వచ్చింది, మూడు పేజీలు. కాలనీ కోసం సేకరించిన భూమికి కోర్టు పెంచిన నష్టపరిహారాన్ని 214 ఇళ్ళకు పంచారు. అంతవరకు న్యాయమే. రోడ్డు వైపు దుకాణాల కోసం వదిలిన స్థలం ఉంది, దాన్ని సంస్థ తర్వాత వేలం వేసి అమ్ముకుంది. ఆ స్థలానికి పెరిగిన పరిహారం కూడా ఈ 214 ఇళ్ళ మీదే వేశారు. నేను టీచర్ని, భాగహారం చేయగలను. నాలుగుసార్లు చేశాను. సారు కూడా చేశారు.

కాలనీ సంఘం తరఫున జనవరిలో అర్జీ పెట్టాం, 61 మంది సంతకాలు. ఇన్‌వార్డ్ నంబరు పడింది, జవాబు రాలేదు. ఫిబ్రవరి చివరి వారంలో మళ్ళీ వెళ్ళాలి. మొన్న ఆ మూడు పేజీలూ ముందేసుకుని ఇంకోసారి లెక్క చేస్తుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. అద్దాలు తుడుచుకుని, పేజీ తన దగ్గరికి లాక్కుంది. "ఇది నేను రాసింది కాదు గదా?" అంది.